కొలతలిచ్చి తెప్పించుకున్న కారు

కోటు మాస్టారంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. హోటళ్ళలో వడ్డించేవాళ్ళ నల్లకోట్లు, లాయర్ల కోట్లు, విమానాలు నడిపేవాళ్ళ యూనిఫారాలు అన్నీ ఆయన కత్తెర కింద నుంచి రావాల్సిందే. మనిషి పొడుగరి, బక్కపల్చటివాడు, మెడలో ఎప్పుడూ టేపు. మాట తక్కువ, పట్టింపు ఎక్కువ. ఒంటిమీద వేసి ట్రయల్ చూడందే ఎంత గొప్పవాడికైనా బట్ట ఇచ్చేవాడు కాదు. తొందరగా ఉంది మాస్టారూ అని బతిమాలితే, "తొందరైతే రెడీమేడ్ కొనుక్కోండి" అని మొహంమీదే చెప్పేవాడు.

అలాంటి మనిషికి కారు పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఆ దేవుడికే ఎరుక. అదీ మామూలు కారా అంటే కాదు. పైన కప్పుండదు, పక్కన తలుపులుండవు, డిక్కీ అన్నది పేరుకే. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. పెట్టెల్లో ముక్కలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి. సముద్రానికి అవతల ఒక తండ్రీ కూతురూ చిన్న షెడ్డులో చేస్తారు దాన్ని. బరువు తగ్గించాలన్నది వాళ్ళ పంతం. రేడియో బరువని తీసేశారు, కాళ్ళకింద పరుపు బరువని తీసేశారు, చివరికి సీటును ముందుకూ వెనక్కీ జరిపే పట్టాలు కూడా బరువేనని పీకి పారేశారు. నడిపేవాడి కొలతలు ముందే అడిగి తెలుసుకుని, సరిగ్గా ఆ కొలతకే సీటూ పెడల్సూ బిగించి పంపిస్తారు. మాస్టారు మనసు పారేసుకున్నది అక్కడే.

"కారుక్కూడా కొలతలు తీసుకుంటారట, చూశావా. పనంటే అదీ," అన్నాడు భార్యతో.

"అంతా బాగానే ఉంది గానీ, తలుపుల్లేని దానికి తాళం ఎక్కడేస్తారు?" అందావిడ.

ఆవిడను వీధంతా మాస్టారమ్మ అంటుంది. పొట్టి మనిషి, గట్టి మనిషి. కుట్టిన కోట్లన్నీ వ్యానులో హ్యాంగర్లకు తగిలించుకుని ఊరంతా తిరిగి ఇచ్చొచ్చేది ఆవిడే. ఆ ఇంట్లో కత్తెర ఈయనది, స్టీరింగు ఆవిడది. మాస్టారికి లైసెన్సయితే ఉంది, నడిపే తీరికే ఎప్పుడూ దొరకలేదు. వ్యానెక్కితే ఒళ్ళో ఒక కోటు పెట్టుకుని గుండీలు కుట్టుకునేవాడు.

ఆ కారు ముచ్చట మాటలదగ్గరే ఆగిపోయేదే. ఆగనివ్వనిది కళ్ళ డాక్టరు. జీవితమంతా నల్లగుడ్డమీద నల్లదారం చూసీ చూసీ అలిసిన కళ్ళాయె. డాక్టరు వాటిలోకి లైటు వేసి చూసి, "కుట్టుపని అద్దాలతో ఎలాగోలా నెట్టుకొస్తారు. బండి నడపడం మాత్రం మహా అయితే ఇంకో ఏడాదో రెండేళ్ళో. ఆ తర్వాత నేనే వద్దంటాను," అన్నాడు.

మాస్టారు ఇంటికొచ్చి అన్నం తిని, చెయ్యి కడుక్కుని, అప్పుడు చెప్పాడు. "ఆ కారు తెప్పిస్తున్నాను. ఒక్కసారైనా నా కాళ్ళతో తొక్కి, నా చేతుల్తో తిప్పి నడపాలి. ఇప్పుడు కాకపోతే ఇక ఈ జన్మకు లేదు."

అంతవరకూ ఆటపట్టిస్తూ వచ్చిన ఆవిడ ఆ మాటతో తగ్గిపోయింది. "తెప్పించుకోండి. మీకంటే డబ్బెక్కువా," అంది. అన్నాళ్ళూ దాచుకున్న డబ్బు బయటికి తీయించింది కూడా ఆవిడే.

కొలతలు ఇవ్వాల్సిన రోజున ఆవిడ టేపు పట్టుకుని వస్తే మాస్టారు నవ్వాడు. "నా కొలతలు నువ్వు తీసేదేంటి? నిద్రలో లేపి అడిగినా చెప్తాను," అని ఫోనులో తయారీవాళ్ళకు అన్నీ గడగడా అప్పజెప్పేశాడు. భుజం ఇంత, చెయ్యి ఇంత, కాలి పొడవు ఇంత. అవతల ఆ కూతురు రాసుకుంది.

పెట్టెలు ఓడలో వచ్చాయి. వచ్చాక మొదలైంది అసలు తంటా. రేవులో ఆఫీసరు పెట్టెలు తెరిపించి, ఒక దీపం, ఒక చక్రం, గొట్టాలతో అల్లిన ఒక చట్రం చూసి, "ఇందులో కారేదయ్యా?" అన్నాడు.

"బిగిస్తే వస్తుందండి," అన్నాడు మాస్టారు.

"బిగించనంతవరకూ సామానా, బిగించాక కారా? ఇప్పుడు నేను దేనికి సుంకం వెయ్యాలి?" అని తల పట్టుకున్నాడు ఆఫీసరు. మాట న్యాయమైనదే, కాదనలేం. సామాన్ల గదివాళ్ళు కార్ల గదికి పొమ్మన్నారు, కార్ల గదివాళ్ళు సామాన్ల గదికి పొమ్మన్నారు. మాస్టారూ, ఆయన బావమరిదీ కాళ్ళరిగేలా తిరిగారు. ఈ బావమరిది మాస్టారమ్మకు తమ్ముడు, గ్యారేజీ నడుపుతాడు. పొట్టకు తగ్గ గొంతు. చివరికి పై ఆఫీసరు దిగివచ్చి, ఆ చట్రం ఒక కొస ఒంటిచేత్తో ఎత్తి చూసి, "ఇంత తేలికా?" అని ముచ్చటపడి సంతకం పెట్టేశాడు. అంతదాకా ఊడ్చుకుపోయిన ఓపికంతా ఆ సంతకంతో తిరిగొచ్చింది మాస్టారికి.

దుకాణం వెనకగదిలో కత్తిరింపు బల్ల గోడకు జరిపి బిగింపు మొదలెట్టారు. సీటూ పెడల్సూ అక్కడినుంచే చట్రంలో బిగించి వచ్చాయి, మిగతాదంతా వీళ్ళ పని. వానాకాలమంతా పట్టింది. మొదటి రోజునే బావమరిది, "బావా, ఒక్కసారి ఎక్కి కూర్చుని చూసుకో. సరిపోయిందో లేదో తెలుస్తుంది," అన్నాడు.

"కొలతలిచ్చింది ఎవరనుకున్నావు?"

"అందుకే చెప్తున్నా బావా."

మాస్టారు వింటేనా. పూర్తయ్యాకే కూర్చుంటానని భీష్మించుకున్నాడు. ఊరందరికీ ట్రయల్ చూడందే బట్ట ఇవ్వని మనిషి, తన దగ్గరికొచ్చేసరికి ట్రయల్ వద్దన్నాడు. గర్వమంటే గర్వమే, ఇంకో పేరు పెట్టక్కర్లేదు.

నంబరు కోసం బండిని తనిఖీకి తీసుకెళ్ళాల్సిన పొద్దు వచ్చింది. ఆ తేదీ తప్పితే మళ్ళీ నెలల తరబడి ఎదురుచూపే. కారును వీధిలోకి తోశారు. ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, మోకాలెత్తు. ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచి చూస్తున్నారు. మాస్టారు ఇందుకోసమే కుట్టుకున్న జాకెట్ తొడుక్కుని, అద్దాలు తుడుచుకుని, కాలు లోపల పెట్టి కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గానీ, ఇరుక్కున్నాడు. మోకాళ్ళు రెండూ స్టీరింగుకు చెరో పక్కనా తన్నిపెట్టుకుని గడ్డందాకా వచ్చాయి. క్లచ్చి తొక్కుదామంటే కాలు కదలదు. స్టీరింగు తిప్పుదామంటే మోకాలు అడ్డం. బూట్లు విప్పి చూశాడు. వీపు వెనక మెత్త పీకి చూశాడు. ఊహూఁ, లాభం లేదు.

బావమరిది నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. నవ్వినందుకు శిక్షగా తనే నడుపుదామని ఎక్కబోతే పొట్ట దగ్గరే ఆగిపోయింది యవ్వారం.

ఇంతలో మాస్టారమ్మ వ్యాను తాళాలతో బయటికొచ్చింది. ఇద్దరినీ చూసింది, కారునూ చూసింది. "జరగండి," అని తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి ఎక్కి కూర్చుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. కొలిచి కుట్టినట్టు సరిపోయిందావిడకు. పాదం పెడల్ మీద ఆనింది, మోచెయ్యి ఒంగాల్సినంతే ఒంగింది, వీపు సీటుకు అతుక్కుంది. మాస్టారు బూట్లు చేత్తో పట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ పక్కన పెడల్స్ లేవు గనక కాళ్ళు చాపుకోవడానికి చోటుంది. ఆ మాత్రం సుఖం మిగిలింది పాపం.

తనిఖీ ఆఫీసరు దీపాలు వేయించాడు, హారన్ కొట్టించాడు, బ్రేకు తొక్కించాడు. "నడిపేది మీరేనామ్మా?" అన్నాడు.

"ఈపూటకు నేనేనండి," అంది ఆవిడ.

బండి గట్టెక్కింది. తిరుగుదారిలో మాస్టారు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళ కోరిక తన పక్క సీటులోనే ఉండి తనకు అందకుండా పోయిందంటే కడుపు మండదా మరి? రేవు పక్కన పొడుగాటి తిన్నని రోడ్డు వచ్చింది. ఎదురుగా బండి లేదు. మాస్టారమ్మ ఒకసారి ఆయన వైపు చూసి, గేరు మార్చి, కాలు గట్టిగా అదిమింది.

గాలి రివ్వున మొహానికి కొట్టింది. ఆవిడ జుట్టు ముడి ఊడిపోయింది. ఊడిపోతే ఊడిపోయిందని పకపకా నవ్వడం మొదలుపెట్టింది. వ్యానులో కోట్లు నలుగుతాయని ఏనాడూ ఒక గతుకునైనా తొందరగా దాటని మనిషి, మలుపు తిరుగుతూ నవ్వుతోంది, మలుపు తిరిగాక నవ్వుతోంది.

మాస్టారు తిరిగి చూశాడు. మొహం కంటే ముందు ఆయనకు కనిపించింది సీటుకు హాయిగా ఆనిన ఆవిడ వీపు, అలవాటు అలాంటిది. వ్యాను సీటు ఎవరో పొడుగరి కోసం చేసింది. పెడల్స్ అందాలని ఆవిడ వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని, అంచుమీద కూర్చుని నడుపుతుంది. ఇంటికొచ్చాక నడుం పట్టుకుని కాసేపు నిలబడిపోతుంది. ఆ దిండ్లకు గలీబులు కుట్టింది ఆయనే. ఎన్నోసార్లు మార్చి కుట్టాడు కూడా. ఆ దిండ్లు ఎందుకున్నాయో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. సిగ్గేసింది ఆయనకు. ఆ వెంటనే, అంతకంటే ఎక్కువగా, ఆవిడ నవ్వు చూసి సంతోషం వేసింది.

ఇంటికొచ్చాక ఆవిడ వీధిలో కారు తుడుస్తుంటే, మాస్టారు వెనకగదిలోంచి తయారీవాళ్ళకు ఫోను చేశాడు. బావమరిది పక్కనే ఉన్నాడు. ఆ కూతురు కొలతలన్నీ మళ్ళీ చదివి, "కాలి పొడవు అరికాలిదాకానే కదండీ కొలిచారు?" అంది.

మాస్టారికి అప్పుడు వెలిగింది. పాదం మీద గుడ్డ ముడత పడకూడదని చీలమండకు పైనే ఆపి కుడతాడాయన ప్యాంటు. కాలి కొలత అడిగితే ప్యాంటు కొలత ఇచ్చాడు మహానుభావుడు.

"ఏం ఫర్వాలేదండీ," అంది ఆ అమ్మాయి. "పెడల్స్‌ను ఇంకాస్త ముందుకు బిగించే పట్టీ పంపిస్తాం. బోల్టులు విప్పి మార్చుకోవడమే. వచ్చే ఓడకే పంపమంటారా?"

"ఆలోచించుకుని చెప్తాను," అని పెట్టేశాడు.

"ఇంక ఆలోచించేదేముంది బావా? ఒక్కపూట పని," అన్నాడు బావమరిది.

గుడ్డ చేత్తో పట్టుకుని మాస్టారమ్మ లోపలికొచ్చింది. జుట్టు ఇంకా చెదిరే ఉంది. "ఏమన్నారండీ? మార్చడానికి వీలవుతుందటా? మార్పించెయ్యండి. మీకోసం తెప్పించుకున్న బండి. నాకేం, ఎప్పుడైనా నడపాలంటే దిండు పెట్టుకుంటాను," అంది. అంటూనే చేతిలోని తాళంచెవిని ఆయన వైపు చాచింది.

"కుదరదట," అన్నాడు మాస్టారు. "అన్నీ అతికేసి ఉంటాయట. విప్పితే చట్రమే పాడవుతుందట."

బావమరిది నోరు తెరిచాడు. బావ చూసిన చూపుకు మళ్ళీ మూసుకుని, పానా ఎక్కడ పెట్టానబ్బా అంటూ బల్లకింద వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"అయ్యో," అంది మాస్టారమ్మ. పాపం నిజంగానే బాధపడాలని చూసింది. పెదవులు మాట వినలేదు. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, తాళంచెవిని గుప్పిట్లో దాచుకుంది.