ఎకరం ముప్పై

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. ఆ కోపంలోనే ఒకసారి చిన్న ఫంక్షను రాశాను. ఇన్నేళ్లలో నేను రాసిన వాటన్నిటిలో నాకు ఇష్టమైనది అదే. ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చూపిస్తే "ఇంతేనా మేడం?" అంటారు. ఇంతే. అక్షరాల్లో ఉన్నదాన్ని సంఖ్యగా మార్చాలి. మారకపోతే కూలబడిపోకుండా, నోరు మూసుకోకుండా, మారలేదని చెప్పాలి. ఆ నాలుగు లైన్ల కోసం నేను ఎంత రచ్చ చేయాల్సి వచ్చిందో వాళ్లకేం తెలుసు?

మాది జనగామ పక్కన లింగాల ఘనపూర్. కంప్యూటర్ చదువు అయ్యాక అందరిలాగే హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూకు పోయాను. "ఎప్పుడొచ్చావు?" అని అడిగితే "పొద్దుగాల్నే వచ్చిన సార్" అన్నాను. అవతల కూర్చున్నాయన పక్కాయన వైపు చూసి నవ్వాడు. నేను సర్టిఫికెట్లు తీసుకుని లేచి వచ్చేశాను. తర్వాత మహబూబాబాద్‌లో పని దొరికింది. స్టేషన్ రోడ్డులో ఒక ఎరువుల దుకాణం, దాని మీద మూడు కంప్యూటర్ల గది. రెండూ ఒకే సేటువి. కింద బస్తాలు దిగుతుంటే పైన మా కీబోర్డుల మీద దుమ్ము పడేది.

గదిలో నాకు పైన ఒక సీనియర్ ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చినవాడు, పని బాగా తెలిసినవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి నాకు వేయకుండా ఏనాడూ తినలేదు. కానీ నేను ఫోన్లో మాట్లాడుతుంటే వెనక నుంచి "గిదేంది, గట్లెట్ల" అని సినిమా గొంతుతో వెక్కిరించేవాడు. తమాషాకే అనేవాడు. ఆ తమాషా నాకు మాత్రం కారంలా తగిలేది.

బయట ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం భగభగ మండుతోంది. చౌరస్తాలో దీక్షల టెంటు, ఒకరోజు బంద్, ఇంకోరోజు పట్టాల మీద జనం. రైలు వస్తుందో రాదో స్టేషన్ మాస్టరుకే తెలియని రోజులవి. అలాంటి ఎండాకాలం చివర్లో మాకు పత్తి విత్తనాల టోకెన్ల పని వచ్చింది. ఆ ఏడు విత్తనాలకు కరువు. అందుకని రైతుకు ఎంత భూమి ఉందో చూసి, ఎకరానికి ఒక ప్యాకెట్ చొప్పున టోకెన్ ఇవ్వాలన్నారు. ఎకరం మీద అర ఎకరం దాటితే ఇంకో ప్యాకెట్. ఊళ్లలో టైపు చేసిన రైతుల వివరాలు మా దగ్గరకు వచ్చేవి. సీనియర్ రాసిన ప్రోగ్రాం వాటిని చదివి టోకెన్లు అచ్చు వేసేది.

మొదటి విడత టోకెన్లు పంచిన మర్నాడే ఒక ఆడమనిషి మెట్లెక్కి పైకి వచ్చింది. ఊరవతలి తండా నుంచి వచ్చిన లంబాడీ రైతు. ఇంట్లో వాళ్ల భాష వాళ్లది, మాతో మాత్రం తెలుగు.

"బిడ్డా, అందరి పేర్లొచ్చినయి. నా పేరేది?" అని అడిగింది.

"ఎంత భూమి అక్కా నీకు?"

"ఎకరం ముప్పై."

మా వైపు ఎవరికైనా ఇది తెలిసిన మాటే. నలభై గుంటలైతే ఒక ఎకరం. ఎకరం ముప్పై అంటే ఒక ఎకరం, ముప్పై గుంటలు. రాసేటప్పుడు మధ్యలో చిన్న గీత పెడతాం. ఆమె వివరాల్లోనూ అలాగే 1-30 అని ఉంది. మా బాపు భూమి కాగితంలోనూ అట్లాగే ఉంటుంది. మరి ఆమె పేరెందుకు రాలేదని ప్రోగ్రాం తెరిచి చూశాను.

కంప్యూటర్‌కు అక్షరాల వరస ఒక రకం, సంఖ్య ఇంకో రకం. మనం టైపు చేసింది అక్షరాల వరసగానే వస్తుంది. దాన్ని సంఖ్యగా మారిస్తే తప్ప లెక్క చేయలేదు. సీనియర్ దాన్ని నేరుగా "మార్చు" అని ఆజ్ఞాపించాడు. 2 అని ఉంటే మారుతుంది. 1-30 మధ్యలో గీత చూడగానే నా వల్ల కాదని పని అక్కడే ఆపేసి గోల పెడుతుంది. ఆ గోలనే ఎక్సెప్షన్ అంటారు. ఒక్క రైతు దగ్గర గోల పెడితే మిగతా టోకెన్లన్నీ ఆగిపోతాయి కాబట్టి, ఆయన ఆ గోలను పట్టుకోవడానికి ఒక క్యాచ్ పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ క్యాచ్ లోపల మాత్రం ఏమీ రాయలేదు. ఖాళీ. అంటే, మారకపోతే ఆ రైతును వదిలేసి తర్వాతి రైతు దగ్గరికి పో. ఎవరికీ చెప్పకు.

పూర్తి ఎకరాలున్న వాళ్లందరికీ టోకెన్లు వచ్చాయి. గుంటలున్న వాళ్లంతా మాయమయ్యారు. గుంటలు ఎవరికుంటాయి? అన్నదమ్ములు పంచుకుని, పంచుకుని, చివరికి మెట్ట చెలకలో ముక్క మిగిలిన వాళ్లకే కదా.

"సార్, గుంటలున్నోళ్లందరు పోయిండ్రు" అన్నాను.

ఆయన చూసి, "అదేంటమ్మా, సంఖ్య రాయమంటే గీతలు గీస్తే ప్రోగ్రాం ఏం చేస్తుంది? మీవాళ్లకి రాయడం కూడా సరిగ్గా రాదు" అన్నాడు. వెంటనే అన్ని మండలాలకూ ఫోన్ చేసి, గీత తీసేసి చుక్క పెట్టమని చెప్పాడు. సాయంత్రానికి వివరాలన్నీ మళ్లీ వచ్చి పాతవాటిని చెరిపేశాయి. ప్రోగ్రాం ఎక్కడా గోల పెట్టలేదు. "చూశావా, ఎంత క్లీన్‌గా పోయిందో" అని నవ్వి, ఆ శనివారం రైలుకు ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ తండా ఆమె పేరు వచ్చింది. ఒక్కటే ప్యాకెట్. ఆమెకు రావాల్సింది రెండు. ముప్పై గుంటలంటే అర ఎకరం దాటినట్టే.

1-30 కాస్తా 1.30 అయింది. కంప్యూటర్ దాన్ని ఒకటి, పదింట మూడు వంతులుగా చదువుకుంది. అంటే ఎకరం పన్నెండు గుంటలు. ఆమె చేనులో పద్దెనిమిది గుంటలు కోసేసింది. ఇంకోచోట ఎకరం ఐదు గుంటలున్న మనిషికి 1.5 అయి, ఎకరం ఇరవై గుంటలు వచ్చిపడ్డాయి. మొదటిసారి ప్రోగ్రాం ఆమెను వదిలేసింది. రెండోసారి ఆమె భూమినే తగ్గించింది, అదీ ఏ గోలా లేకుండా. నాకు రెండోదే ఎక్కువ మండింది. సంఖ్యగా మారినంత మాత్రాన సరిగ్గా మారినట్టు కాదు. ఆ మాట నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు.

ఆమె టోకెన్ చేతిలో పట్టుకుని నా ముందే నిలబడింది. "మిరుగం కార్తె వచ్చింది బిడ్డా. ఒక్క వాన పడ్డది. ఇయ్యాల రేపట్ల గింజ పెట్టకపోతే పదును పోతది. సగం చేను నేను బీడు పెట్టాల్నా?"

"పెట్టకు. నీ రెండో ప్యాకెట్ నీకు ఇప్పిస్త" అన్నాను. ఎట్లా ఇప్పిస్తానో అప్పటికి నాకే తెలియదు.

సోమవారం బంద్. రైళ్లు ఆగిపోయాయి. సీనియర్ అటువైపే చిక్కుకుపోయాడు. దుకాణం మూసి ఉంది. సేటు ఇంటికి పోయి తాళం అడిగితే, "షట్టర్ లేపుతె ఊకుంటరా? పెరటి దిక్కుకెల్లి పో" అన్నాడు. బంద్ రోజున పనేమిటని నా మనసు కాసేపు గుంజింది. పట్టాల మీద మావాళ్లు కూర్చున్నారు, నేను కుర్చీలో కూర్చున్నాను. అయితే ఏంటి? మా వాటా మాకు కావాలని బయట అరుస్తున్నాం. లోపల ఒక ఆడమనిషి పద్దెనిమిది గుంటలు పోతుంటే చూస్తూ ఊరుకుంటే ఆ అరుపుకు అర్థమేముంది? పెరటి తలుపు తీసుకుని పైకి పోయాను.

ముందు ఆ ఖాళీ క్యాచ్‌ను పీకేశాను. "మార్చు" అనే ఆజ్ఞ తీసేసి, దాని స్థానంలో "మారుతుందా?" అనే ప్రశ్న పెట్టాను. మేం వాడే భాషలో ఆ సౌకర్యం ముందు నుంచీ ఉంది. అడిగితే అవునో కాదో జవాబు ఇస్తుంది, అవునైతే సంఖ్యను పక్కన పెడుతుంది. గోల లేదు, కూలబడటం లేదు. కాకపోతే ఒక తిరకాసు ఉంది. జవాబు "కాదు" అయినప్పుడు పక్కన సున్నా పెడుతుంది. జవాబు వినకుండా ఆ సున్నాను తీసుకుంటే రైతుకు సున్నా ఎకరాలు. అందుకని ముందు జవాబు చూడకుండా సంఖ్యను ముట్టుకోకూడదని గట్టిగా రాసుకున్నాను.

తర్వాత గీత ఉన్నవాటిని ఆ గీత దగ్గర విడగొట్టాను. ఎడమవైపు ఎకరాలు, అది సంఖ్యగా మారుతుందా? కుడివైపు గుంటలు, అది మారుతుందా? మారితే నలభై కన్నా తక్కువేనా? అన్నీ అవునంటేనే లెక్క. ఏ ఒక్కటి కాదన్నా, రైతు రాసింది రాసినట్టే ఉంచి, "అడగాల్సినవి" అని పక్కన పెట్టాలి. వదిలేయొద్దు, ఊహించొద్దు. చుక్క ఉన్నవన్నీ అందులోకే పోవాలి, ఎందుకంటే ఆ చుక్క అర ఎకరమో ఐదు గుంటలో దేవుడికి కూడా తెలియదు. రైతునే అడగాలి.

భూపాలపల్లి వైపు టేకుమట్ల నుంచి వివరాలు పంపే ఆపరేటర్ అమ్మాయికి ఫోన్ చేశాను. "చుక్కలు మీరే పెట్టమన్నరు గదా అక్కా" అని విసుక్కుంది.

"నేను అన్లే. ఇప్పుడు తీసెయ్యమంటున్న. రైతులు ఎవరన్న ఉన్నరా అక్కడ?"

"ఎందుకు లేరు? టోకెన్లు తక్కువొచ్చినయని పొద్దటిసంది వాకిట్ల కూసున్నరు, నన్ను తిడుతున్నరు."

"మంచిదే. ఒక్కొక్కరిని అడిగి గీత పెట్టు."

ఫోన్లోంచే ఆమె అడగడం, వాళ్లు చెప్పడం నాకు వినిపించింది. టేకుమట్ల పని అలా తేలింది. మా మానుకోట, అంటే మహబూబాబాద్ చుట్టుపక్కల వాళ్లవి మాత్రం మిగిలాయి. బంద్ కాబట్టి ఎవరూ ఊళ్లోకి రాలేదు.

రైళ్లు నడవగానే సీనియర్ వచ్చి కూర్చున్నాడు. "అడగాల్సినవి" చూసి ఆయన ముఖం మాడిపోయింది. "ఇదేంటి? సవరించిన టోకెన్లు రేపటికల్లా వెళ్లాలి. వీటన్నింటికీ సున్నా పెట్టేసి పంపు. కావాల్సినవాళ్లు తర్వాత వచ్చి అడుక్కుంటారు."

"పెట్టను సార్."

"పెట్టవా? పోనీ నా పాత ప్రోగ్రాం నేను వేసుకుంటా. కనీసం అది పని ఆపదు."

"మీది పని ఆపదు సార్, మనుషుల్ని ఆపుతది. మా మాటను సినిమాల్ల నవ్వులకు వాడుకున్నరు, ఊకున్నం. మా గుంటల్ని గూడ ఇయ్యాల్నా? ఇయ్యం."

రేపు పొద్దున పాత ప్రోగ్రామే నడుస్తుందని ఆయన తేల్చేశాడు. ఆయన పెద్ద, యంత్రం ఆయన చేతిలో ఉంది. నేను కిందికి దిగాను. మెట్ల దగ్గర ఆమె మళ్లీ నిలబడి ఉంది. దాచడానికి ఏముంది? ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"అక్కా, నీ భూమి ఎంతనో నిన్ను అడగాల్నని రాసిపెట్టిన. నీ అసోంటోళ్లు శానామంది ఉన్నరు. రేపు పొద్దున అడగకపోతే పాత లెక్కనే పోతది."

"అడుగుతరా, అడగరా?"

"నేను అడుగుత. ఆయన అడగనియ్యడు."

ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

తెల్లవారి నేను వచ్చేసరికి దుకాణం షట్టర్ ముందు మూడు రాళ్లు, రాళ్ల మీద పెద్ద గంజు గిన్నె, కింద మంట. వంటావార్పు! ఉద్యమంలో రోడ్ల మీద అందరం చేసిందే, పొయ్యి పెట్టి, వండి, అక్కడే తిని, అడిగింది వినేదాకా కదలకపోవడం. తండా మొత్తం వచ్చింది. ఆడవాళ్లు కూరగాయలు కోస్తున్నారు. మగవాళ్లు మెట్ల మీద కూర్చున్నారు. ఎరువు బస్తాల బండి లోపలికి పోయే దారి లేదు. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. నవ్వు, కన్నీళ్లు రెండూ ఒకేసారి వచ్చాయి.

నేను, సీనియర్ పైకి చేరామో లేదో, సేటు చెమటలు కక్కుతూ వచ్చాడు. "ఆ లెక్క ఏందో జర చూడుండ్రి. నా దుకాణం ముందట పొయ్యి వెట్టిండ్రు. అడిగేదాంక లెవ్వరట."

"మన ప్రోగ్రాంలో తప్పేం లేదు సేటూ..." అని సీనియర్ మొదలుపెట్టాడు.

"తప్పుందో లేదో నాకు తెల్వదు. అడిగితె పోయేదేముంది? అడుగుండ్రి!"

ఒక్కొక్కరూ పైకి వచ్చారు. నేను పేరు చదివి అడిగాను. సీనియర్ కూర్చుని టైపు చేశాడు. మొదట్లో విసురుగా కొట్టాడు, తర్వాత తర్వాత ఆయనే "ఎకరం, ఎన్ని గుంటలు?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆమె వంతు వచ్చింది.

"ఎకరం ముప్పై" అంది, గది దద్దరిల్లేట్టు.

1-30. ప్రోగ్రాం మూడు ప్రశ్నలకూ అవునంది. టోకెన్ మీద రెండు ప్యాకెట్లని పడింది. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, కిందికి పోయి, విస్తరిలో వేడన్నం, పప్పు పట్టుకుని మళ్లీ వచ్చింది. సీనియర్ ముందు పెట్టి "తిను సారూ" అంది. ఆయన తిన్నాడు. ఆ సాయంత్రం వాన పడకముందే ఆమె విత్తనం పెట్టిందని తర్వాత తెలిసింది.

సీజను ముగియగానే సేటు నన్ను పిలిచి వేరే పని చూసుకోమన్నాడు. దుకాణం ముందు పొయ్యి పెట్టించానని ఆయన కోపం. నేను పెట్టించలేదు, కానీ పెట్టించలేదని చెప్పుకోలేదు. మా ఊరు వచ్చి కొన్నాళ్లు ఖాళీగా కూర్చున్నాను.

మరుసటి ఏడు మిరుగం ముందు సీనియర్ నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ విత్తనాల పని వచ్చిందట.

"నీ ఫంక్షను అలాగే ఉంచానమ్మా. తీయలేదు."

"మీకు నచ్చలేదు గదా సార్, ఎందుకు తియ్యలే?"

"అడక్కుండా సున్నా పెడితే మీవాళ్లు మళ్లీ పొయ్యి పెడతారు కదా."

"పెడ్తరు సార్" అన్నాను.