పిన్ని చెప్పుల్లో కంబళి ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా పిన్ని. మాది పెడన. ఇంటి వెనక రేకుల షెడ్డులో తాతయ్య, నాన్న, బాబాయి బట్టల మీద కలంకారీ అచ్చులు అద్దేవాళ్లు. పిన్ని నందివాడ దగ్గరి పల్లెటూరి నుంచి బాబాయిని చేసుకుని వచ్చింది. పొలం గట్ల మీద, మెత్తటి మట్టిలో తిరిగి పెరిగిన మనిషి. మా ఇంటికొచ్చాక పొద్దున వంటింట్లో, ఆ తర్వాత షెడ్డులో, రోజంతా ఉత్త కాళ్లతో సిమెంటు గచ్చు మీద నిలబడే ఉండేది. నాకు పదేళ్లప్పుడు మా అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లింది. దాంతో ఇంటి చాకిరీ అంతా పిన్ని మీదే పడింది.

ఆ రోజుల్లోనే ఆమెకి మడమ నొప్పి పట్టుకుంది. ఇప్పుడు డాక్టర్లు దానికి ప్లాంటార్ ఫేషియైటిస్ అని పెద్ద పేరే చెబుతున్నారు. అప్పుడు మాకు ఆ పేరూ తెలియదు, దాని తీరూ తెలియదు. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగులకే ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. కాసేపు నడిస్తే సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడమే పిన్ని కొంప ముంచింది. తెల్లవారి గోడ పట్టుకుని కుంటిన మనిషి టిఫిన్ల వేళకి మామూలుగా తిరుగుతుంటే చూసేవాళ్లకి ఏమనిపిస్తుంది? మా నాయనమ్మకి అనుమానం వచ్చింది.

నేను నాయనమ్మ కూచిని. ఒకరోజు ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, పిన్ని కాలవకి బట్టలు ఉతకడానికి వెళ్తోంది, వెనకాలే వెళ్లి ఎలా నడుస్తుందో చూసి రా అంది. నాకది ఎంతో గొప్ప పనిలా అనిపించింది. వెళ్లాను. రంగులేసిన బట్టల మూట చంకన పెట్టుకుని పిన్ని కాలవ మెట్లు చకచకా దిగింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి పక్కవాళ్లతో నవ్వుతూ మాట్లాడింది. కుంటనే లేదు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు, ఎవరూ అడక్కుండానే, "పిన్నిదంతా నాటకం నాయనమ్మా! కాలవ దగ్గర చక్కగా నడిచింది, నేను చూశాను" అన్నాను.

పిన్ని చేతిలో చారు గరిటె ఉంది. అది ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత ఆమె నా కంచంలోనే ముందు వడ్డించింది. నాయనమ్మ మాత్రం "చూశారా!" అన్నట్టు అందరి వంకా చూసింది. తాతయ్య తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం ఆయన నన్ను షెడ్డులోకి పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "అమ్మడూ, నువ్వు అబద్ధం చెప్పలేదు. కానీ చూడాల్సినప్పుడు చూడలేదు" అన్నాడు. బాబాయి సరుకు అమ్మడానికి హైదరాబాదు వెళ్లినప్పుడల్లా పిన్నికి తోడుగా ఆమె గదిలో నేనే పడుకునేదాన్ని. అప్పుడూ బాబాయి ఊళ్లో లేడు. "రేపు పిన్ని లేచే వేళకి మెలకువగా ఉండు. కదలకుండా చూడు, చాలు" అన్నాడు తాతయ్య.

తెల్లవారుతుండగా పిన్ని లేచి మంచం పట్టె మీద కూర్చుంది. కుడికాలు నేలకి ఆనించి వెంటనే పైకి తీసేసుకుంది. మళ్లీ ఆనించింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది. మడమ నేలకి తగలకుండా మునివేళ్ల మీద ఒక అడుగు, మరో అడుగు వేసింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఆ చిన్న గదిలోనే అటూ ఇటూ నడిచింది. ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. కుంటు తగ్గేదాకా లోపలే నడిచి, అప్పుడు బయటికి వెళ్దామని. నేను నిన్న అన్న మాటకి ఆ నడక. చివరికి కళ్లు తుడుచుకుని, కొంగు సర్దుకుని, మామూలు మనిషిలా తలుపు తీసుకుని వెళ్లింది. నేను దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

తాతయ్య ఆ రోజు పని మానేశాడు. అచ్చు అద్దే బల్ల మీద గుడ్డ కింద మెత్తగా ఉండడానికి కంబళి పరుస్తారు. దాని అంచు నుంచి ఆయన రెండు ముక్కలు కత్తిరించి, పిన్ని చెప్పులతో పాటు సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ పెద్దాయన సంగతంతా విని, చెప్పు లోపల బొటనవేలితో నొక్కి చూశాడు.

"మడమ కింద మెత్త వేస్తే చాలదండీ. పాదం వంపు ఉంటుందే, దాని కింద ఎత్తు ఉండాలి. అక్కడ ఆసరా దొరికితే మడమ మీద బరువు తగ్గుద్ది" అన్నాడు.

కంబళిని మడతలు పెట్టి, వంపు దగ్గర ఎత్తుగా, మడమ దగ్గర చిన్న గుంటలా వచ్చేట్టు చేసి, పైన పల్చటి తోలు వేసి కుట్టాడు. వచ్చేటప్పుడు మరీ మరీ చెప్పాడు. "మంచం దిగేటప్పుడే వేసుకోమనండి. గచ్చు మీద ఉత్త కాలు పెట్టొద్దనండి."

అసలు గొడవ అక్కడే వచ్చింది. మా ఇంట్లో చెప్పులు వీధి గుమ్మం దాటి లోపలికి వచ్చేవి కావు. ఇక అచ్చుల దగ్గరికి చెప్పులతో వెళ్లడమన్నది ఊహకి కూడా అందని విషయం. నాయనమ్మ మండిపడింది.

"ఏవండీ, మతి ఉండే మాట్లాడుతున్నారా? అన్నం పెట్టే అచ్చుల ముందు చెప్పులేసుకుని నిలబడుతుందా?"

"అన్నం పెట్టేది అచ్చులు కాదే, వాటి ముందు నిలబడే మనుషులు" అన్నాడు తాతయ్య. కాస్త ఆగి, "ఆ పిల్ల కుంటడం నెల రోజుల్నించీ చూస్తూనే ఉన్నాను. ఆడవాళ్ల సంగతి, మనకెందుకులే అని ఊరుకున్నాను. తప్పు నాది కూడా" అన్నాడు.

ఆయన తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. పిన్ని చెప్పులు అందుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి అవి ఆమె మంచం పక్కనే ఉండేవి. మొదటి వారం పెద్ద తేడా కనపడలేదు. రెండో నెలకి కిటికీ ఊచలు పట్టుకోకుండా లేచింది. మామిడికాయలు వచ్చే వేళకి నొప్పి దాదాపు పోయింది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

నొప్పి పోయింది గానీ, మా ఇంట్లో నొప్పి అని చెప్పుకోకూడదన్న సంగతి పిన్ని మనసులో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె నోట తలనొప్పి అన్న మాట కూడా నేను వినలేదు. జ్వరంతోనే వండేది. నాకు పెళ్లయి గుడివాడ వచ్చేశాను. తాతయ్యా నాయనమ్మా పోయారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకనాడు బాబాయి ఫోన్ చేసి, పిన్నిని బందరు ఆస్పత్రిలో చేర్చామన్నాడు. రొమ్ములో గడ్డ. ఏడాదిగా ఉందట. ఎవరికీ చెప్పలేదు. ముందే వచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్లమని డాక్టరు అన్నాడు.

మంచం పక్కన కూర్చుని, "ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అని అడిగాను.

"ఊరికే చెబుతోందనుకుంటారేమోనమ్మా" అంది. నన్ను ఎత్తిపొడవాలని కాదు. ఆ మధ్యాహ్నం నేనన్న మాట ఆమెకి గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు. నాకు గుర్తుంది. అప్పుడైనా ఆమె చేయి పట్టుకుని, ఆ రోజు తప్పు మాట అన్నాను, క్షమించు పిన్నీ అనాలనుకున్నాను. నర్సు వచ్చింది, ఎవరో చుట్టాలు వచ్చారు. రేపు చెబుదాంలే అనుకున్నాను. పది రోజులకి పిన్ని పోయింది.

పోయినేడు నాకూ అదే మడమ నొప్పి వచ్చింది. మా అబ్బాయి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. బూట్లలో వేసుకునే మెత్తలు రాసిచ్చారు. మా కోడలు తెచ్చి నా కాలికి సరిపోయాయో లేదో తనే వంగి చూసింది. నేను నొప్పి అనగానే ఇంట్లో అందరూ నమ్మారు. ఆ మెత్తల్లో పాదం పెట్టినప్పుడు హాయిగా ఉంటుంది. వెంటనే పిన్ని కిటికీ ఊచలు పట్టుకుని లేవడం కళ్ల ముందు కదులుతుంది.

మా ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే నిజమా కాదా అని నేను చూడను. మనవరాలు బడికి వెళ్లే వేళకి కడుపునొప్పి అన్నా సరే, ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడమ్మా అని అడుగుతాను. నేనలా గారాబం చేస్తే పిల్ల చెడిపోతుందని మా అబ్బాయి నవ్వుతాడు. నవ్వనీ. పదేళ్ల వయసులో నేను ఒక మనిషి నోరు మూయించాను. ఆ నోరు మళ్లీ తెరుచుకోలేదు.