నాగేశ్వరి టైపు చేసుకున్న రిపోర్టు

నాగేశ్వరి కుడికాలు మొదటిసారి మొరాయించింది తొంభై తొమ్మిది ఆగస్టులో, ఒక మంగళవారం పూట. మాదాపూర్‌లో ఆమె ఆఫీసు పనేమిటంటే, అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి టేపుల్లో చెప్పినదంతా విని, ఇంగ్లీషులో టైపు చేసి పంపడం. చెవులకు హెడ్‌ఫోన్లు, వేళ్లకు కీబోర్డు, కుడిపాదానికి బల్లకింద ఒక పెడల్. నొక్కితే డాక్టరు గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఆవేళ ఎంత నొక్కుదామన్నా పాదం కదల్లేదు. వంగి చూసుకుంది. చెప్పులో పాదమైతే ఉంది గాని, ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది.

పెడల్‌ను ఎడమకాలి కిందికి జరుపుకుంది. మూడు రోజులు బండి నడిచింది. నాలుగోనాడు ఎడమపాదమూ పెడల్ మీద పెట్టగానే మొద్దుబారిపోయింది. లేచి నడిస్తే మాత్రం ఎడమది బాగానే ఉండేది. కుడిది ఈడ్చుకు రావలసి వచ్చేది.

ఆఫీసు ఊడ్చే లచ్చమ్మది నానక్‌రామ్‌గూడ. మెట్లు దిగేటప్పుడు భుజం ఆమే అందించేది.

"డాక్టర్లు ఏమన్నరమ్మా?"

"ఏమీ లేదన్నారు లచ్చమ్మా."

"ఏం లేకుంటే గిట్లెందుకైతది? జర మంచి దవాఖాన చూసుకో. ఆళ్ల రోగాలన్నీ నువ్వే రాస్తవ్, నీదేందో నీకు ఎర్కలేదా?"

నాగేశ్వరి ఆమె భుజం పట్టుకుని తరువాతి మెట్టు దిగింది.

ఆమె పై అధికారి విశ్వేశ్వరరావు చెడ్డవాడు కాదు. "మీరంటే నాకు గౌరవమేనండి," అన్నాడు, ఆమె టైపు చేసిన ఫైళ్ల లెక్క చూపించడం ఇష్టంలేక కాగితం తిప్పేసి. "రోజుకు పదహారు ఫైళ్లు చేసే మనిషి రెండు చేస్తే నేనేం చెప్పుకోను? దసరాలోపు కాలు బాగవ్వాలి. లేదంటే ఆ కుర్చీ వేరేవాళ్లకిస్తారు."

ముప్పై నాలుగేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల్ని బడికి పంపి, ఆ రోగాల పేర్లన్నీ వంటింట్లో గోడకు అంటించుకుని బట్టీపట్టి సంపాదించుకున్న కుర్చీ అది. పోతుందంటే ఆమెకు అన్నం దిగలేదు.

ముగ్గురు డాక్టర్లను చూసింది. ఎవరి దగ్గరికి వెళ్లినా నోటితో చెప్పేది కాదు. ఒక కాగితం ముందుకు జరిపేది. రోజూ చేసే రిపోర్టుల పద్ధతిలోనే తన గురించి తనే టైపు చేసుకుంది: ముప్పై నాలుగేళ్ల స్త్రీ, కుడి మోకాలి కింద స్పర్శ తగ్గింది, నొప్పి లేదు, జ్వరం లేదు. డాక్టర్లు మెచ్చుకున్నారు. కాగితంలో ఉన్న ప్రతి మాటకూ ఒక పరీక్ష రాశారు. ఎక్స్‌రే, స్కాన్ ఫిలిములన్నీ ఏ లోపమూ లేకుండా శుభ్రంగా వచ్చాయి.

మూడో డాక్టరు, "నరాలు బాగున్నాయమ్మా. కాలు కదలకపోవడమూ నిజమే," అని అనసూయమ్మ అనే సైకాలజిస్టుకు చీటీ రాసిచ్చాడు.

"పిచ్చి డాక్టరా?" అన్నాడు భర్త మధుసూదన్. "వెళ్తే వెళ్లు గాని, మావాళ్ల చెవిన వేయకు."

అనసూయమ్మది కర్నూలు వైపు. యాభై దాటిన మనిషి. రెండు కుర్చీలు, ఒక కూజా, అంతే ఆ గది.

"నేనేమీ నటించడం లేదండి," అంది నాగేశ్వరి కూర్చోకముందే.

"నటిస్తున్నావని ఎవరన్నారు? కూర్చో తల్లీ."

కాగితం తీసుకుని ఆసాంతం చదివింది. ఒకచోట వేలు పెట్టింది. "కుటుంబ చరిత్ర, చెప్పుకోదగ్గది లేదు అని రాశావే. ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదా?"

"అది... ప్రతి రిపోర్టులోనూ ఉండే వాక్యమండి. వేళ్లకు అలవాటు."

"ఎవరికీ ఏమీ కాలేదా అన్నాను."

నాగేశ్వరి కూజా వైపు చూసింది. "మా అక్క పోయిందండి. జూలైలో," అంది. "భ్రమరాంబ. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే."

"ఎట్లా పోయింది?"

"గుండెపోటు."

"అది కాగితంలో రాసే మాట. నాకు కాగితం వద్దు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

చెప్పింది. చందానగర్ నుంచి అక్క ఆఫీసుకు ఫోన్ చేసింది. బావ ఊళ్లో లేడు. 'దవడ లాగుతోందే నాగా, ఒళ్లంతా చెమటలు,' అంది. అలాంటి మాటలు నాగేశ్వరి వారానికి పదిసార్లు టైపు చేస్తుంది. ఇంగ్లీషులో వింటే నిద్రలో లేపినా గుండె అని చెప్పేది. అక్క గొంతులో, తెలుగులో వినేసరికి అది పంటినొప్పిలాగే తోచింది.

"లవంగం పెట్టుకోవే, ఫైలు మధ్యలో ఉన్నాను, సాయంత్రం వస్తా అన్నానండి. వెళ్లి మళ్లీ పెడల్ నొక్కాను. ఇంకా మూడు ఫైళ్లు చేశాను."

ఆ మాట తరువాత ఆమె ఏడవలేదు. అనసూయమ్మ లేచి నీళ్లు ముంచి ఇచ్చింది. తప్పు నీది కాదనలేదు, తప్పే అనీ అనలేదు.

"బావకు తెలుసా?"

"ఎవరికీ తెలియదు."

"నోటికి రానీయకుండా పట్టుకున్నావు. మనసు మోయలేనిది ఒక్కోసారి ఒంటిమీద పడుతుంది. అందుకని కాలు అబద్ధమని కాదు. ప్రతి గురువారం రా. కాలికి వ్యాయామం కూడా చేయిద్దాం. రెండూ కలిసి నడవాలి."

"దసరాకు బాగవుతుందా అండీ?"

"చెప్పలేను."

ఆరు గురువారాలు వెళ్లింది. కొన్నిసార్లు ఇంటికి వచ్చాక కాలు మరీ బరువెక్కేది, ఇక వెళ్లనని మధుసూదన్‌తో అనేది. మూడో వారం అక్క పేరు ఎత్తి గట్టిగా ఏడ్చింది. అయిదో వారం బొటనవేలు కదిలింది.

దసరాకు ముందు సోమవారం కుర్చీలో కూర్చుంది. అయిదు ఫైళ్లు చేసింది. ఆరోదానిలో పాదం ఆగిపోయింది. మొదట్లో అయితే కంప్యూటరు చెడిందనో, టేపు బాగాలేదనో అనేది. ఈసారి హెడ్‌ఫోన్లు తీసేసి విశ్వేశ్వరరావు బల్ల దగ్గరికి కుంటుకుంటూ వెళ్లింది.

"కాలు ఆగిందండి. మా అక్క చనిపోయిన దగ్గర్నుంచి ఇలా అవుతోంది. మనసుకు వైద్యం చేయించుకుంటున్నాను. ఒక అరగంట కూర్చుంటే మళ్లీ వస్తుంది, ఒక్కోసారి రాదు."

అతను పెన్ను మూత పెట్టి పక్కన పెట్టాడు.

"అయిదు చాలవండి," అన్నాడు. "పైవాళ్లు ఒప్పుకుంటారని నేను మాటివ్వలేను. నెలాఖరు దాకా మాత్రం అడుగుతాను."

"అడగండి," అంది నాగేశ్వరి. వెళ్లి కూర్చుని, గడియారం చూసుకుంటూ, మోకాలి మీద చెయ్యి వేసుకుని అరగంట కోసం కాచుకుంది.