కాయం డబ్బాతో కుప్పం దాకా

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క దగ్గరి నుంచి మెసేజ్ వచ్చింది. "నాలుక పిడచ కట్టుకుపోతాంది. నీళ్ళు గుటకెడే ఇస్తాండారు. బిడ్డకు పాలు చాలడం లేదు. బరువు పెరగలేదని నర్సమ్మ చెప్పింది. అమ్మకు చెప్పొద్దు." రెండుసార్లు చదువుకుని ఫోన్ బోర్లా పెట్టాను. వంటింట్లో అవ్వ, అదే అక్క కోసం, ఇనుప బాణలిలో కాయం తిప్పుతోంది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లం పాకంలో నేతితో కలిపి బాలింతకు చేసే మందు అది. దాన్ని కుప్పం చేర్చేది ఎవరని ఇంట్లో రెండు రోజులుగా మాటలు నడుస్తున్నాయి. నేను వెళ్తానన్నాను. అవ్వ తిప్పడం ఆపి నా వైపు చూసింది. నేనై ఎక్కడికైనా వెళ్తాననడం మా ఇంట్లో కొత్త.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ అక్కకు ఏడో నెలలో ఉండగా అమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అప్పుడు అక్క అత్తగారు మునిరత్నమ్మత్త ఫోన్ చేసి, "ఎవురింట్లో అయితే ఏమి, బిడ్డ బిడ్డే గదా" అంది. అక్కకు కుప్పంలోనే ఆడపిల్ల పుట్టింది. స్నానాలు, పథ్యం, రాత్రి మేలుకోవడం అన్నీ ఆమే చూస్తోంది. అందుకే అమ్మ నన్ను పంపుతూ గట్టిగా చెప్పింది. "మనం చేయాల్సింది ఆయమ్మ చేస్తాండాది. కాయం ఇచ్చి, నాలుగు దినాలు చేతికింద పని చేసిపెట్టి రా. ఎదురు మాట్లాడొద్దు."

ఎదురు మాట్లాడటం అటుంచి, నాకు ఎదురుపడి మాట్లాడటమే కష్టం. అక్కకు నీళ్ళివ్వండని ఏ నోటితో అడగాలో తెలియక ఆ రాత్రి డైరీలో నాలుగు రకాలుగా రాసి చూసుకున్నాను. నాలుగూ కొట్టేశాను.

పొద్దున ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. మార్కెట్ వైపు నుంచి టమోటా లారీలు బయటికి వస్తున్నాయి. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. ఏడుంపావుకు పుంగనూరు. బస్టాండు బయట బండి మీద మూడు ఇడ్లీలు, వేరుశనగ చట్నీ తిన్నాను. ముప్పై రూపాయలు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినడం మంచిది. తరువాత కుప్పం దాకా తీరిగ్గా కూర్చుని తినే వీలు దొరకదు.

ఎనిమిదికి పలమనేరు బస్సు. కిటికీ పక్కన కూర్చుని కాయం డబ్బా ఒళ్ళో పెట్టుకుని, సంచిలోంచి నవల తీశాను. పుస్తకం తెరిస్తే ఎవరూ పలకరించరన్నది నా ధీమా. కానీ బస్సు కదిలి ఎండ ఒళ్ళోకి వచ్చేసరికి డబ్బాలోంచి నెయ్యీ పిప్పళ్ళూ వాసన గుప్పుమని లేచింది.

"ఎవురింట్లోనో బాలింత ఉన్నట్టుండాదే" అన్నాడు వెనకసీటు పెద్దాయన.

టికెట్ కొడుతున్న కండక్టరు వంగి వాసన చూశాడు. "కాయమా పాపా? మా ఇంటామెకు చేసినప్పుడు నాకూ దినానికి ఒక ముద్ద పెడతాండె. ఆమె అట్లే ఉండాది, నేను ఇట్లయినా" అని పొట్ట తట్టుకున్నాడు. బస్సంతా నవ్వింది. నవల మూసి సంచిలో పెట్టేశాను.

నా పక్కన బురఖా ముసుగు పైకి తీసుకుని ఒక నడివయసు ఆమె కూర్చుంది. పుంగనూరులో గాజుల అంగడి ఉందట, పలమనేరులో కూతురి ఇంటికి వెళ్తోంది. "ఎవురికి బేటీ?" అంది. అక్కకని చెప్పాను. "పాలు బాగా పడతాండాయా?"

పలమనేరులో దిగిపోతే మళ్ళీ కనిపించదు కదా అన్న ధైర్యమే కావచ్చు, మెల్లగా అంతా చెప్పేశాను. నేను మెల్లగా చెప్పినా ముందుసీటు ముసలామెకు వినిపించింది. ఆమె వెనక్కి తిరిగి, "నీళ్ళు తాగితే బాలింతకు ఒళ్ళు ఉబ్బుతాది, బిడ్డకు జలుబు చేస్తాది. మూడు నెల్లు ఓర్సుకోవల్ల" అంది.

"తల్లి నీళ్ళు తాగకుంటే పాలు యాడనుంచి వస్తాయి పెద్దమ్మా? ట్యాంకరు తెప్పిస్తావా?" అంది గాజులామె. మళ్ళీ నవ్వులు. తరువాత ఆమె నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మా ఇండ్లల్లో బాలింతకు అచ్వానీ అని ఇస్తాము. నీళ్ళల్లో వాము, శొంఠి, బెల్లం, ఖర్జూరం వేసి బాగా కాగబెట్టి, రోంత నెయ్యి వేసి గ్లాసులు గ్లాసులు తాపిస్తాము. మీ అత్తోళ్ళకు నీళ్ళంటే బయమా, సలవంటే బయమా, ముందు కనుక్కో. సలవంటే అయితే ఇది వేడే గదా. మీ అవ్వ చెప్పిందని చెప్పు. అవ్వల మాట ఎవురూ తీసెయ్యరు."

తొమ్మిదిన్నరకు పలమనేరులో ఆమె దిగి, తిరిగి చూడకుండా ఆటోల మధ్య వెళ్ళిపోయింది. నేను పది గంటల కుప్పం బస్సు పట్టుకున్నాను. బైరెడ్డిపల్లె దాటాక రాగి చేలు, మల్బరీ తోటలు. వి.కోట నుంచి బస్సులో మాటలు మారాయి. ఒక సీట్లో తమిళం, ఒక సీట్లో కన్నడం, కండక్టరు మూడింటిలోనూ చిల్లర అడుగుతున్నాడు. పన్నెండున్నరకు కుప్పంలో దిగి, షేర్ ఆటోలో అక్కవాళ్ళ ఊరు చేరాను.

అక్క చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని గదిలో ఉంది. పెదవులు పగిలి ఉన్నాయి. పక్కన బిడ్డ, ఎర్రగా, చిన్నగా, పీక్కుతాగి అలిసి నిద్రపోతోంది. "వచ్చినావా" అన్న ఒక్క మాటకే అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మునిరత్నమ్మత్త అక్కకు మిరియాలు, వెల్లుల్లి పొడితో నెయ్యి అన్నం కలిపి పెట్టింది. పక్కన చిన్న గ్లాసులో సగం వేడినీళ్ళు. అక్క తిన్నాకే ఆమె పళ్ళెం ముందు కూర్చుంది. చేతి మీద కాలిన మచ్చలు కనిపించాయి. తెల్లారకముందే లేచి స్నానానికి నీళ్ళు కాగబెట్టేటప్పుడు తగిలినవట. అలాంటి మనిషిని ఏమని అడగాలి?

కాయం డబ్బా పెట్టడానికి నన్ను సామాన్ల గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ అల్మరాలో పాల ప్యాకెట్లు, రాగిపిండి, ఖర్జూరం, వేరుశనగ చిక్కీలు వరుసగా పేర్చి, మీద తెల్లటి తువ్వాలు కప్పి ఉంది.

"అంగన్‌వాడీలో ఇచ్చినవి" అంది అత్త గర్వంగా. "ఒకటి గూడా ఎవురూ ముట్లేదు. పథ్యం అయిపోయినాక అంతా మీ అక్కకే. గుడ్లు మాత్రం నిలవుండవు గదా, మా వాడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు పెట్నా."

వస్తూ వస్తూ దారంతా కోపం కూడగట్టుకున్నాను. అది ఆ తువ్వాలు ముందు నిలవలేదు. అక్క గ్లాసులోకి రావలసిన పాలను ఈమె అక్క పేరు మీదే భద్రంగా దాచింది.

సాయంత్రం ఆమె పెరట్లో బిడ్డ గుడ్డలు ఆరేస్తుంటే సాయం చేస్తూ అడిగాను. నా గొంతు నాకే వినిపించలేదు. "అత్తా, అక్క విషయంలో మీకు నీళ్ళంటే బయమా, సలవంటే బయమా?"

ఆమె గుడ్డ దులపడం ఆపింది. "యాల అడగతాండావు?" అని, ఆ గుడ్డను తీగ మీద వేసి తనే చెప్పింది. "నా తొలి బిడ్డ పుట్నప్పుడు దప్పిక తట్టుకోలేక బాయికాడ సన్నీళ్ళు తాగేసినా. ఎవురూ సూల్లేదు. రెండు దినాలకే బిడ్డకు జలుబు పట్టి ఎగపోసింది. నిలవలేదు. నాకు సలవంటే బయం పాపా. నీళ్ళంటే కాదు."

అవ్వ చెప్పిందని చెప్పాలి. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె అంత చెప్పాక అబద్ధం ఆడలేకపోయాను. "పలమనేరు బస్సులో ఒక సాయిబులామె చెప్పింది" అని మొదలుపెట్టి, వాము నుంచి నెయ్యి దాకా చెప్పాను.

"ఖర్జూరం గూడానా?"

"ఊ."

"సాయిబుల ఇండ్లల్లో బాలింతల్ని బాగానే సూసుకుంటారు" అంది ఆలోచిస్తూ. వెంటనే నా ముఖంలోకి చూసింది. "దప్పికని మీ అక్క నీకు చెప్పిందా?"

తల ఊపాను. ఆమె తిన్నగా గదిలోకి వెళ్ళింది. నేను గడప దగ్గరే ఆగిపోయాను.

"దూరాన ఉండేదానికి చెప్తివి. పక్కనుండేదాన్ని, నాకు చెప్పకూడదా?"

"మీరు ఇంత చేస్తాండారు అత్తా. ఇంగా ఇది కావల్ల, అది కావల్ల అని ఏ మొగం పెట్టుకుని అడిగేది?" అంది అక్క.

"అడగాలమ్మే. నేనేమన్నా లోపలికి దూరి సూసినానా?" అని విసుక్కుంటూ అత్త పొయ్యి వెలిగించడానికి వెళ్ళింది. ఆ పూట అక్క పెద్ద గ్లాసు నిండా అచ్వానీ తాగి, ఇంకో సగం తాగింది. తాగేటప్పుడు కళ్ళు మూసుకుంది. నేను కూడా అంత మాట్లాడటం అలవాటు లేక అలిసిపోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

మరునాడు నర్సమ్మ వచ్చింది. పాలు, గుడ్డు, పప్పు, ఆకుకూర అన్నీ ఇప్పుడే పెట్టాలని, గంటా రెండు గంటలకోసారి బిడ్డకు పాలివ్వాలని చెప్పింది. వారానికి బరువు పెరగకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలంది. అత్త అన్నీ విని చివరికి అడిగింది. "తల్లి సన్నీళ్ళు తాగితే బిడ్డకు జలుబు రాదా?"

"రాదు పెద్దమ్మా."

"ఎప్పుడూ రాదా?"

"ఎప్పుడూ రాదు. తల్లి తాగే నీళ్ళకూ బిడ్డ జలుబుకూ సంబంధమే లేదు."

అత్త లేచి సామాన్ల గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు రెండు పాల ప్యాకెట్లు తెచ్చింది.

నాలుగు రోజుల ప్రయాణం వారమైంది. నా పని రాగిజావ కాచడం, గుడ్డు ఉడకబెట్టడం. పప్పులో ఆకుకూర వేసింది మాత్రం అత్తే. మొదటి రోజు భయంగా రెండు రెమ్మలు వేసింది, తరువాత కట్టకు కట్టే వేసింది. బెంగళూరులో పనిచేసే బావ శనివారం రాత్రి రైలుకు వచ్చి, నాకు గుడ్లు లేవా అని అడిగి తిట్లు తిన్నాడు. అంతకుముందే, ఆ పగలు నర్సమ్మ మళ్ళీ వచ్చి బిడ్డను తూకం వేసింది. ముల్లు ఆగేదాకా ముగ్గురం తూకం మీదికి వంగి చూశాం. పెరిగింది. "ఇట్లే కానివ్వండి" అని నర్సమ్మ కార్డులో రాసుకుని వెళ్ళింది. అక్క నా చెయ్యి పట్టుకుంది. అప్పుడే బిడ్డ పాలకు లేచింది.

ఆదివారం పొద్దున ఎనిమిది గంటల పలమనేరు బస్సులో తిరుగుప్రయాణం. వి.కోటలో తన అక్కను చూసి రావాలని, తల్లీబిడ్డలను బావకు అప్పజెప్పి అత్త కూడా నాతో ఎక్కింది. శాంతిపురంలో ఒక ముసలామె ఎక్కి మా సీటులో సర్దుకుని కూర్చుంది. మాటల్లో వాళ్ళ ఇంట్లోనూ బాలింత ఉందని తెలిసింది, కోడలు. ఇంక అత్త ఆగలేదు.

"నీళ్ళు బాగా తాపించల్ల. పాలు, గుడ్డు, ఆకు, అన్నీ పెట్టల్ల. ఇచ్చినవి ఇచ్చినట్టే పెట్టెయ్యల్ల, దాసిపెట్టకూడదు."

"జలుబు సెయ్యదా?"

"సెయ్యదు. ఎప్పుడూ సెయ్యదు" అంది అత్త. ఆ మాట ఆమె గట్టిగా, కిటికీ వైపు చూస్తూ అంది.

వి.కోటలో దిగుతూ నా తల నిమిరి, "మీ అమ్మకు చెప్పు, బిడ్డ బాగుండాదని. నువ్వు మళ్ళా రా" అంది. ఆమె చెయ్యి పట్టుకుని వదిలాను. ఈ వారంలో అంత మంది దగ్గర అంత తీసుకున్నాను, ఎవరికీ కృతజ్ఞతగా ఒక్క మాట చెప్పలేదు. బస్సు ఊరు దాటి రాగిచేల మధ్యకు వచ్చింది. బైరెడ్డిపల్లె దగ్గరపడుతుండగా శాంతిపురంలో ఎక్కిన ముసలామె నడుముకు దోపుకున్న ఫోన్ తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని నంబరు నొక్కింది.

"ఒరే, ఆ పిల్లకు నీళ్ళిచ్చినారా? ... కాదురా, అది అడగదులే. నువ్వే పోసి ఇయ్యి."