నేను చింపేసిన చీటీలు

నిన్న పొద్దున మెడికల్ షాపు షట్టర్ సగం లేపానో లేదో, నంద్యాల ఆసుపత్రి నుంచి వైష్ణవి ఫోన్.

"మామా, నాయన లేడు."

షట్టర్ అట్లాగే వదిలేసి మెట్ల మీద కూలబడ్డాను.

మా నాగేశ్ శెట్టి పోయాడు. ఆళ్లగడ్డలో నా షాపుకి ఎదురుగా కిరాణా కొట్టు వాడిది. ఇరవై ఏళ్ల స్నేహం.

శెట్టి చుక్క ముట్టి ఎరగడు. అయినా కడుపునొప్పి వచ్చిన ప్రతిసారీ అందరిదీ ఒకటే ప్రశ్న. "రోజుకెంత తాగుతావ్?"

చివరికి నంద్యాల డాక్టర్ జీన్ టెస్ట్ చేయిస్తే తేలింది. క్లోమంలో తయారయ్యే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ పేగులోకి వెళ్లాకే పని మొదలుపెట్టాలి. పుట్టుకతో వచ్చిన జీన్ తేడా వల్ల శెట్టికి అది క్లోమంలోనే మొదలుపెట్టింది. అన్నాన్ని అరిగించాల్సింది మనిషినే అరిగించేసింది.

క్లోమం పాడై అరిగించే ఎంజైమ్‌లు పేగులోకి చేరక, తిన్నది ఒంటికి పట్టేది కాదు. బెల్టుకి మేకుతో కొత్త బొక్కలు పెట్టుకునేవాడు.

మందు ఒకటే. ప్రతి భోజనంతో ఎంజైమ్ క్యాప్సూల్.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి.

ఆ ఎంజైమ్ పంది క్లోమం నుంచి తీస్తారు. డబ్బాలో ఉండే చీటీలో ఆ సంగతి రాసే ఉంటుంది.

శెట్టి వాళ్లు కోడిగుడ్డు పెంకు కనబడినా వాకిలి కడుగుతారు. మా ఇంట్లో అయితే ఆ జంతువు పేరే ఎత్తరు. చెప్తే మానేస్తాడు. మానేస్తే మిగలడు.

అందుకే ప్రతి నెలా చీటీ తీసి చింపేసి, డబ్బా మళ్లీ అంటించి ఇచ్చాను. తొమ్మిదేళ్లు.

పోయినేడాది నేను నంద్యాలలో ఉన్న రోజు మా ఆవిడ డబ్బా ఇచ్చేసింది. చీటీతో సహా!

ఫోన్‌లో ఆ మాట వినగానే బస్సెక్కాను. శెట్టికి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. బస్సు శిరివెళ్ల దాటేసరికి చొక్కా తడిసిపోయింది.

దిగి పరిగెత్తాను. కొట్లో క్యారియర్ ముందు కూర్చున్నాడు. పక్కన తెరిచిన డబ్బా.

"ఏందిరా బాషా, కుక్క తరిమినట్ల వస్తాండావ్?"

"డబ్బాలో కాయితమేమన్నా ఉండెనా?"

"ఏం కాయితం? ఏమీ లేదే" అంటూ నా మొహంలోకే చూసి క్యాప్సూల్ మింగాడు. పప్పన్నం కలుపుకున్నాడు.

హమ్మయ్య అనుకున్నాను, మూర్ఖుణ్ణి.

మొన్న సాయంత్రం ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకున్నాడు. ఏళ్ల తరబడి దెబ్బతిన్న క్లోమంలో చివరికి క్యాన్సర్ పుట్టింది. డాక్టర్లు చేతులెత్తేశారు.

"చీటీలు చించేది ఆపరా ఇంగ. మొదటి నెలే డాక్టర్ చెప్పినాడు నాకు."

"మరి నాకెందుకు చెప్పల్యా?"

"తెలుసని ఒప్పుకుంటే మానేయల్ల గదా. పాప చిన్నది, నేను బతకల్ల. అయినా పేరెత్తితేనే తౌబా అనేటోనివి, నెలనెలా నాకోసం చేత్తో ముట్టుకుంటాంటివి. నేను మింగలేనా?"

ఏడ్చేశాను. వాడు నవ్వబోయి నొప్పికి పళ్లు కొరికాడు.

ఆ జీన్ వైష్ణవికీ వచ్చింది. పోయిన నెలే రిపోర్ట్ వచ్చింది. ఇంకా నొప్పి మొదలవలేదు. ఆ పిల్ల చెయ్యి కడుపు మీదికి పోయినప్పుడల్లా నాకు భయమే.

నిన్న అంతా అయ్యాక, చుట్టాలందరూ ఉండగానే నా దగ్గరికొచ్చింది.

"మామా, నాకు డబ్బా ఇచ్చే రోజొస్తే చీటీ తీయొద్దు. చదివే మింగుతా. మా వాళ్లలో కడుపునొప్పి అని మూలిగేటోళ్లు చానామంది ఉండారు. తాగుబోతని నోరు మూయించకుండా టెస్ట్ చేయించమని నువ్వే రాయి."

రాశాను తల్లీ.

శెట్టీ, ఇంక నొప్పి లేదు కదరా. ఏ క్యాప్సూల్ లేకుండా నెయ్యి దండిగా పోసుకుని కడుపునిండా తిను. హాయిగా పడుకో.