అత్త దారిలో సోఫా

మా ఇంటి హాల్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యకపోతే మనిషికి మనిషి ఆనడు. పలాసలో ఎండలు తక్కువా అంటే, వీధిలో అడుగు పెడితే నెత్తి మాడిపోతుంది. గుమ్మం దాటి లోపలికొస్తే మాత్రం, ఆట మొదలయ్యాక సినిమాహాల్లోకి వచ్చినట్టు కాసేపు గోడ పట్టుకుని నిలబడాలి. భావనపాడు నుంచి ఎండుచేపలు పట్టుకొచ్చిన మా చినమామగారు ఒకసారి అలాగే లోపలికొచ్చి, దుప్పటి కప్పి ఉన్న కుట్టుమిషన్ని "బాగున్నావేటమ్మా?" అని పలకరించారు. జవాబు రాలేదని అలిగి, టీ తాగకుండా వెళ్ళిపోయారు.

ఈ ఘనత మా ఆయనది. ఇల్లు కట్టేటప్పుడు విశాఖపట్నంలో ఎవరిదో ఫ్లాటు చూసొచ్చి, "గోడలెందుకు, ఓపెన్ హాలు పెట్టించేద్దాం" అన్నారు. మేస్త్రీకి అంతకన్నా ఏం కావాలి, రెండు గోడల పని తప్పింది. ముందుగది, నడిమిగది, భోజనాల గది కలిసిపోయి ఒక్కటే పొడుగాటి హాలైంది. మధ్యలో ఒక స్తంభం. వెలుతురు కోసమని పక్కవైపు రెండు పెద్ద కిటికీలు పెట్టించారు. మేం గృహప్రవేశం చేసిన ఏడాదికి పక్కాయన మూడంతస్తులు లేపాడు. మా కిటికీలోంచి చెయ్యి చాపితే ఆయన గోడ తగులుతుంది. సిమెంటు పూయని, వానకి నల్లబడిన ఇటుక గోడ. కర్టెన్ తీసినా అదే, వేసినా అదే.

నేను నందిగాంలో స్కూలు టీచర్ని. పొద్దున్నే బస్సెక్కితే మళ్ళీ సాయంత్రానికి చేరతాను. మా ఆయన జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పగలంతా ఆ చీకటి రాజ్యానికి మహారాణి మా అత్త. డెబ్బై దాటిన మనిషి. పెళ్ళికి ముందునుంచీ జీడిపిక్కలు కొట్టి, పప్పు ఏరి బతికింది. ఆ పిక్కల నూనెకి కాలిన మచ్చలు వేళ్ళ మీద ఇంకా ఉన్నాయి. నోరు కూడా ఆ నూనెలోనే ఊరిందని మా ఆడపడుచు అంటుంది గానీ, నేను ఆ మాట అనను. వినిపిస్తే ఇంట్లో ఉండాల్సింది నేను.

ఆ ఏడు వానలు మొదలయ్యాక హాలు మరీ అన్యాయమైపోయింది. బస్సులో కూర్చుని ఫోన్లో ఇల్లు సర్దుకునే వీడియోలు చూడ్డం అప్పుడే అలవాటైంది. సోఫాలు గోడకి అంటించకూడదట. పెద్ద హాలుని చిన్న చిన్న చోట్లుగా విడగొట్టాలట, ఒక్కో చోటుకీ కింద ఒక కార్పెట్, పక్కన ఒక దీపం ఉండాలట. ఆ వీడియోల్లో అమ్మాయి అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా చెప్తుంటే నాకు మా సోఫాలు గుర్తొచ్చి సిగ్గేసింది. అవి గోడ పొడుగునా రైల్వే ప్లాట్‌ఫారం బెంచీల్లా ఉండేవి. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు మాట్లాడుకోవాలంటే మెడ తిప్పాలి, ఎదురుగా ఉన్నవాళ్ళతో మాట్లాడాలంటే అరవాలి.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే కొంగు దోపి సోఫాని హాలు మధ్యకి లాగేశాను. ఎదురుగా రెండు కుర్చీలు, మధ్యలో టీపాయ్. మా ఆయన భోజనానికొచ్చి చుట్టూ ఒకసారి తిరిగి, "రోడ్డుకడ్డంగా లారీ ఆపీసినట్టుంది" అన్నారు. ఆయనకి నచ్చకపోతే సరిగ్గా ఉన్నట్టే లెక్క.

సరిగ్గా అప్పుడే పెరటి గుమ్మంలోంచి అత్త వచ్చింది. విసురుగా వచ్చి, తిన్నగా సోఫా వీపుకి కొట్టుకుని, నడుము దగ్గర మడతపడినంత పనైంది.

"ఓలమ్మో! ఇదేటిది, దీన్ని ఇక్కడెవులు కట్టీసినారు?"

"సోఫా అత్తా. ఇలా ఉంటే బాగుంటుందని..."

"నీ బాగు బంగారంగానూ! నడిసే దారిలో ఎడతారేటే ఎవులైనా?"

మోకాలు రాసుకుంటూ వెళ్ళిపోయింది. నేను పట్టించుకోలేదు. మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చూస్తే సోఫా మళ్ళీ గోడకి వెళ్ళిపోయి ఉంది. పాత చోటుకి బెత్తెడు ఇటూ అటూ కాకుండా. అంత సోఫాని ఈ ముసలామె ఒక్కతే ఎలా జరిపిందని ఆరా తీస్తే, గ్యాస్ బండ తెచ్చినాయన చేత జరిపించిందని తేలింది.

ఇక అక్కణ్ణుంచి యుద్ధమే. ఆదివారం నేను లాగుతాను, సోమవారానికి అది గోడకి పోతుంది. ఒకసారి కేబుల్ బాగుచెయ్యడానికి వచ్చినాయన, ఒకసారి కొబ్బరికాయలు దింపే మనిషి. పాపం ఆ కొబ్బరాయన చెట్టు కోసం వచ్చి డైనింగ్ టేబులు మోసి వెళ్ళాడు. నేను మొండిదాన్ని. ఆన్‌లైన్లో ఒక బూడిదరంగు కార్పెట్ తెప్పించాను, వేలు పెడితే మునిగిపోయేంత బొచ్చు. అత్త దాని మీద కాలు పెట్టి, వెనక్కి తీసేసుకుంది.

"గొర్రిని తోలు తీసి పరిసీసినావేటే?"

అప్పట్నుంచి దాని దగ్గరికి రాగానే మురిక్కాలవ దాటినట్టు కాలెత్తి, గాల్లో కాసేపు ఆపి, అవతల దించేది. రోజుకి ఇరవైసార్లు. నాకు ఒళ్ళు మండిపోయేది. కోడలు కొన్న వస్తువుని తొక్కకూడదని ఇంత నాటకమా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఒకట్రెండుసార్లు, ఆమె వచ్చే వేళకి చూసి కార్పెట్‌ని కావాలనే కొంచెం ఇటు జరిపాను. ఇప్పుడు తలుచుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

దీపాల బాధ్యత మా ఆయన తీసుకున్నారు. మూలన పెట్టే పొడుగు దీపం ఒకటి, మెత్తటి పసుపు వెలుగుది తెమ్మని చెప్పి పంపితే, రంగులు మారే లైట్ల పట్టీ తెచ్చి సీలింగు చుట్టూ అంటించారు. స్విచ్చి వేస్తే ఎరుపు, నీలం, ఆకుపచ్చ, వరసగా. హాలు జాతరలో రికార్డింగ్ డాన్సు స్టేజీలా తయారైంది. "ఎవరిదో పెల్లేటి?" అంది అత్త పైకి చూస్తూ. నేను విశాఖపట్నం నుంచి తెప్పించుకున్న పొడుగు దీపానికి ఆమె తడిచీర తగిలించి ఆరేసింది.

ఇలా ఉండగా మా సంఘంలో గృహకూటం వంతు మాకొచ్చింది. నెలకొక ఇంట్లో కూడి పాటలు పాడుకుని, వాక్యం విని, ప్రార్థన చేసుకుని టీ తాగి వెళ్తారు. పాతికమంది దాకా వస్తారు. ఇంతకంటే మంచి అవకాశం దొరకదనుకుని హాలంతా నాకు నచ్చినట్టు సర్దేశాను. సోఫా మధ్యకి, టేబులు కిటికీ వైపుకి, కింద జంపఖానాలు. కదపనిది ఒక్కటే, స్తంభం పక్కన అత్త కూర్చునే పేము కుర్చీ. దాన్ని ముట్టుకుంటే ఊరుకోదు. వచ్చినవాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కకుండా ఉన్న ట్యూబులైట్లన్నీ వేసేశాను. ఆపరేషన్ థియేటర్లా తెల్లగా వెలిగిపోయింది.

మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చారు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. చుట్టూ చూసి, చేతులున్న కుర్చీ అదొక్కటే కనక వెళ్ళి పేము కుర్చీలో కూర్చున్నారు. అత్త అప్పుడు వంటింట్లో ఉంది.

అయ్యగారు మంచివారే గానీ ఆయన ప్రార్థన ఆదాము దగ్గర మొదలై, కాశీబుగ్గ రైల్వే గేటు దాకా ఒక్కొక్కరినీ పేరుపేరునా తలుచుకుంటూ వస్తుంది. అందరం కళ్ళు మూసుకున్నాం. నేను మాత్రం ఒక కన్ను సగం తెరిచే ఉంచాను, స్టవ్ మీద పాలున్నాయి. అప్పుడు అత్త వంటింట్లోంచి వచ్చింది. చప్పుడు చెయ్యకుండా, కొంగు నెత్తిన కప్పుకుని, చాలా భక్తిగా. స్తంభం తడిమింది. కుర్చీ వీపు మీద చెయ్యేసింది. వెనక్కి తిరిగి, నిమ్మళంగా అయ్యగారి ఒళ్ళో కూర్చుంది.

"ప్రభువా!" అన్నారు అయ్యగారు, ఉలిక్కిపడి.

"ఆమెన్!" అన్నారు కళ్ళు మూసుకున్న పాతికమందీ.

అత్త కెవ్వుమని లేచింది. అయ్యగారూ లేచారు. కుర్చీ వెనక్కి పడింది. ఒక క్షణం ఎవరికీ ఏం అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరికంటే ముందు నవ్వింది అయ్యగారి భార్యే. ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఊగిపోతుంటే ఇక ఎవరూ ఆగలేదు. అయ్యగారు కూడా కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఫర్వాలేదమ్మా, మా అమ్మ లాంటిదానివి" అన్నారు. ప్రార్థన ఆ పూట గేటు దాకా రాకుండానే ఆగిపోయింది. చాలామంది దేవుణ్ణి మనస్ఫూర్తిగా స్తుతించింది అప్పుడే.

అత్త నవ్వలేదు. "సీకటి కొంప! మనిసికి మనిసి అవుపడడు!" అని గట్టిగా అనేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

టీలు పోస్తూ పైకి చూశాను. ట్యూబులైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. నా చేతిలో గ్లాసు మీద పడిన వేలిముద్రలు కూడా కనిపిస్తున్నాయి. నాకు నవ్వు పోయింది.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టాను. అత్త పెరటి గుమ్మంలో కూర్చుని జీడిపప్పు ఏరుతోంది. విరగని గుళ్ళు ఒక పళ్ళెంలో, సగానికి చీలిన బద్దలు ఒక పళ్ళెంలో, ముక్కలు ఒక పళ్ళెంలో. ఒక్కటీ తప్పు పడటం లేదు. అందుకే కదా ఇన్నాళ్ళూ మాకెవరికీ అనుమానం రాలేదు. పప్పు అంత చక్కగా ఏరే మనిషికి కళ్ళు కనిపించవని ఎవరనుకుంటారు? దగ్గరకెళ్ళి కూర్చుని ఆమె చేతుల వైపు చూశాను. కళ్ళు పెరట్లోకి ఉన్నాయి, వేళ్ళు పప్పులో ఉన్నాయి. మాట్లాడకుండా టీ గ్లాసు ఆమె ముందుకి చాపాను. తీసుకోలేదు. అలా చాపే ఉంచాను.

"అత్తా, నా చేతిలో ఏటుంది?"

వేళ్ళు ఆగిపోయాయి.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"రెండేల్లు. మంచు కమ్మినట్టుంటాది. వెలుగుంటే వెలుగని తెలుత్తాది, అంతే."

"మరి చెప్పవేం?"

"సెప్తే ఏటి సేత్తారు? ఓ మూల కూకోబెట్టీసి, 'నువ్వేటీ ముట్టుకోకు, నువ్వేటీ సెయ్యకు' అంటారు. నా తోడబుట్టిన అప్పని అలగే కూకోబెట్టినారు. కూకుని కూకునే పోనాది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గుమ్మం కాణ్ణుంచి హాల్లో నా మంచానికి పదకొండు అడుగులు. మంచం కాణ్ణుంచి స్తంభానికి ఆరు. స్తంభం కాణ్ణుంచి టేబులు పట్టుకుంటే వంటిల్లు. నానెవుల్నీ ఏటీ అడక్కుండా తిరుగుతన్నాను. నువ్వేమో ఆదోరం ఆదోరం నా దారి ఎత్తుకుపోతన్నావు."

కార్పెట్ ముందు గాల్లో ఆగిపోయిన ఆ కాలు గుర్తొచ్చింది. టీ చల్లారిపోయింది. లేచి లోపలికెళ్ళి, సోఫాని నేనే గోడకి నెట్టేశాను. కార్పెట్ చుట్టి అటక మీద పడేశాను. అత్త బయటినుంచి, "ఇంకొంచెం ఎడమకి" అంది. చప్పుడుని బట్టి చెప్పింది.

కళ్ళలో శుక్లాలని డాక్టరు చెప్పారు గానీ, ఆపరేషన్‌కి ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. కన్ను బయటికి తీసి కడిగి మళ్ళీ పెడతారని ఆమెకెవరో చెప్పారు. చివరికి అయ్యగారే వచ్చి, తనకీ రెండు కళ్ళకీ శుక్లాలు తీశారనీ, ఏ కన్నూ ఎక్కడా కడగలేదనీ చెప్పారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అత్త తల వంచుకునే ఉంది. ఆయన వెళ్ళాక, "ఒట్టి ఎముకలు, పాపం. బాగా తిండెట్టాల" అంది.

శ్రీకాకుళంలో కుడికన్నుకి ఆపరేషన్ చేయించి, నల్లద్దాలు పెట్టి తీసుకొచ్చాం. కట్టు విప్పిన మర్నాడు హాలు మధ్యలో నిలబడి నెమ్మదిగా చుట్టూ చూసింది. నేనూ మా ఆయనా పక్కనే నిలబడ్డాం.

"ఓలమ్మ, ఇంత దరిద్రంగా ఉందేటే మనిల్లు!"

ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసింది. మూలల్లో బూజు చూసింది. గోడల రంగు చూసి, "ఈ పేడ రంగు ఎవుడేసినాడు?" అంది. మా ఆయన బయటికి జారుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, దగ్గరికొచ్చి, నా పాపిడి మీద చెయ్యేసింది.

"నీకెప్పుడు నెరిసిపోనాదే తల?"

ఆ గొంతులో జాలో ఆశ్చర్యమో నాకు తెలియలేదు గానీ, పెళ్ళైన ఇన్నేళ్ళకి ఆమె చెయ్యి నా తల మీద పడటం అదే మొదటిసారి.

వెలుతురు సంగతి కూడా ఆమే తేల్చింది. కిటికీ దగ్గర నిలబడి పక్కాయన గోడని చాలాసేపు చూసింది. నాకది మామూలైపోయిన గోడ, ఆమెకి కొత్త. సాయంత్రం ఆయన్ని పిలిచింది.

"ఏటి బాబూ, నీ గోడ ఇలగ నల్లగా సచ్చినాదేటి? మా కిటికీల కాడికి మేం సున్నం ఏసుకుంటాం."

"మా గోడకి మీరేత్తారేటి?" అన్నాడాయన, నమ్మలేక. "ఏసుకోండి పిన్నీ. పైదాకా ఏసుకోండి."

పైదాకా వెయ్యలేదు గానీ కిటికీల మేరకి రెండు పూతలు తెల్లగా వేయించాం. పైనుంచి ఆ సందులోకి దిగే ఎండ తెల్లగోడకి కొట్టుకుని మా హాల్లోకి వచ్చింది. పదింటినుంచి మూడింటిదాకా లైటు అక్కర్లేదు. అన్ని వీడియోలు చూశాను, పక్కవాడి గోడకి సున్నం వెయ్యమని ఒక్కరూ చెప్పలేదు.

ఇప్పుడు హాలు అత్త చేతుల్లో ఉంది. చూపొచ్చాక సోఫాని ఆమే మధ్యకి లాగించింది. బొచ్చు కార్పెట్ తీసుకెళ్ళి మా ఆడపడుచుకి ఇచ్చేసింది, బజారు నుంచి ఎర్రటి దాని మీద రెండు పచ్చ నెమళ్ళున్నది తెచ్చింది. చూస్తే కళ్ళు జివ్వుమంటాయి. కిటికీ కింద మంచం, స్తంభం దగ్గర నా పొడుగు దీపం, దాని కింద ఆమె పళ్ళేలు. పప్పు ఇప్పుడు చూసి ఏరుతుంది, అందుకేనేమో అప్పుడప్పుడు బద్ద వచ్చి గుళ్ళలో పడుతుంది.

ఎడమకన్ను ఆపరేషన్ వచ్చే నెల. మా ఆయన నిన్న నన్ను పెరట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగారు.

"ఒక్క కంటితోనే ఇంత సూత్తంది. రెండోది ఇప్పుడు అవసరమేటి?"