మళ్ళీ రాని పదిహేడో నంబరు

ఆ ఆసుపత్రి రికార్డు రూములో పనిచేసే ఆవిణ్ణి అందరూ ఫైళ్ళక్క అంటారు. పదకొండేళ్ళుగా బీరువాల మధ్య దుమ్ము మింగుతోంది. అసలు ఆవిడ ఈ గడప తొక్కింది ఉద్యోగానికి కాదు. మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథిలో కంతి లేచి నెలసరి ఆగిపోతే, ఆపరేషన్ చేయించుకోవడానికి. చేసింది ఇక్కడి పెద్ద డాక్టరే. కంతి పోయింది. నెలసరి మాత్రం రాలేదు. హార్మోన్లు నెమ్మదిగా సర్దుకుంటాయని చెప్పి, అటెండరు ఉద్యోగం ఇప్పించి, ఆయన చేతులు దులుపుకున్నాడు. మొదటి రెండేళ్ళు ఫైళ్ళు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ అడిగేది. ఆయన చూద్దాం అనేవాడు. ఓపీ చీటీ లేకుండా, నడవాలో నిలబడి అడిగిన మాటను ఎవరు రాసుకుంటారు? చివరికి ఆవిడే అడగడం మానేసింది.

పెద్ద డాక్టరుగారు అచ్చువేసిన పరిశోధన వ్యాసాలు ఎనభై నాలుగు. ఎలా ఉన్నారని పలకరించినా ఆ అంకె చెప్పందే వదలడు. అవి ఎలా పుట్టాయో మాత్రం ఫైళ్ళక్కను అడగాలి. సగానికి పైగా వ్యాసాలకు ఆయన తెప్పించుకున్నవి అవే నలభై ఫైళ్ళు, అవే నలభై మంది ఆడవాళ్ళు. ఒకసారి కంతి సైజు మీద, ఒకసారి తలనొప్పి మీద, ఒకసారి పాల హార్మోను మీద, ఇంకోసారి నెలసరి మీద. ఒక్క చీరను చింపి నాలుగు డజన్ల జేబురుమాళ్ళు కుట్టి, బట్టల కొట్టు పెట్టానని చెప్పుకునే రకం.

ఇప్పుడు డైరెక్టరు కుర్చీ మీద కన్నుపడింది. వ్యాసాలన్నీ వరసగా బైండు చేయించమని హుకుం. సాయానికి ఒక జూనియర్ డాక్టరమ్మను పంపాడు. ఆ పిల్ల పేజీలు సర్దుతూ నెలసరి వ్యాసంలోని పట్టిక దగ్గర ఆగింది. తనది పదిహేడో నంబరని ఫైళ్ళక్కకు తెలుసు, ఫైలు అట్ట మీద ఎర్ర పెన్సిలుతో ఉంది. తన గురించి ఏం రాశారో చదవమంది.

"పేషెంటు మళ్ళీ రాలేదు అని ఉందక్కా."

రోజూ రెండుసార్లు ఆయన బల్ల మీద ఫైళ్ళు పెట్టే మనిషి మళ్ళీ రాలేదట! అలా రాని వాళ్ళు మొత్తం తొమ్మిది మంది. రాని వాళ్ళను లెక్కలోంచి తీసేస్తారనీ, మిగిలిన ముప్ఫై ఒక్కమందిలో ఇరవై తొమ్మిది మందికి నెలసరి వచ్చిందనీ డాక్టరమ్మ నసుగుతూ చెప్పింది. ఆ తొమ్మిది మందిలో నలుగురు ఇదే భవనంలో, కింద ఆడవాళ్ళ విభాగానికి ఇప్పటికీ వస్తున్నారు. వాళ్ళ ఫైళ్ళు తీసిచ్చేది ఫైళ్ళక్కే. బాగుపడని వాళ్ళను ఇంత తేలిగ్గా మాయం చేశాడా అని ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

అంతలో పెద్ద డాక్టరు గదినుంచి ఫోను. కొత్త పేషెంటు ఫైలు కావాలట. పెళ్ళయి ఏడాదైన అమ్మాయి, అదే కంతి. మాత్రలతో చూద్దామా, ఆపరేషనా అని వారం నుంచి ఊగిసలాడుతోంది. ఆపరేషనుకు ఒప్పుకుంటే ఇవాళ సంతకం పెట్టాలి. ఈ ఉద్యోగం ఊడితే తనకు ఇంకో దిక్కు లేదని ఫైళ్ళక్కకు తెలుసు. అయినా ఆ ఫైలుతోపాటు తనదీ తీసుకుంది. కింద కౌంటరులో తన పేరున చీటీ రాయించుకుని మరీ పైకెక్కింది.

లోపల ఆయన ఆ అమ్మాయికి నూటికి తొంభై మందికి పైగా బాగైందని చెబుతున్నాడు. అమ్మాయి చేతిలో కలం ఉంది.

"ఫైలు అక్కడ పెట్టి వెళ్ళమ్మా" అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ వెళ్ళలేదు. పేషెంట్లు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చుని, చీటీ బల్ల మీద పెట్టింది.

"పదిహేడో నంబరునండి. మళ్ళీ రాలేదని రాశారట. వచ్చాను. నెలసరి ఇప్పటికీ రాలేదు. రాసుకోండి."

పెద్ద డాక్టరు తలెత్తాడు. ఇది సమయం కాదన్నాడు, తర్వాత మాట్లాడదామన్నాడు. అమ్మాయి ఆయన వైపు చూడలేదు.

"మీకు పిల్లలున్నారా అక్కా?" అని మెల్లగా అడిగింది.

ఎనభై నాలుగు వ్యాసాలు రాసిన ఆ గదిలో ఆవిణ్ణి ఆ మాట అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు.

"లేరమ్మా" అంది.

అమ్మాయి కలం బల్ల మీద పెట్టి, మాత్రల సంగతి చెప్పమని పెద్ద డాక్టరును అడిగింది.